ఎడమపక్క దుంగ

నిన్న ముత్తియాల్‌పేటలో ఒక హోటల్ ముందు మన క్లబ్బు పడవ కనిపించింది. మట్టి పోసి క్రోటన్ మొక్కలు నాటారు. పడవ తిరగబడకుండా పక్కకు కట్టిన దుంగను కోసేశారు. దగ్గరికెళితే ఇంకా ఆ పాత వార్నిష్ వాసనే.

గుర్తుందా, చేరిన మొదటిరోజే అల చూసి భయపడి, అందరం కుడివైపుకు ఒరిగి పడవను బోర్లా వేశాం? ఉప్పునీళ్లు కక్కుతుంటే, తెడ్డు వేయడం నేర్పే సెల్వి అక్క పగలబడి నవ్వింది.

"యాడికి వాల్తా ఉండారు పిల్లకాయలూ? దుంగ ఎడమపక్క గదా ఉండేది! భయమేస్తే దాని మీదికే వాలండి, అదే మోస్తాది."

ఆ మాట నమ్మాకే అలలు దాటాం.

మనం పడవ దించిన ఇసుకను సముద్రం తినేసింది. క్లబ్బూ లేదు, అక్కా లేదు.

భయమేస్తే నా ఒళ్లు ఇప్పటికీ ఎడమకే వాలుతుంది. అటువైపు మోసేది ఏదీ లేదు.