బావగారు ఎంచిన టైర్లు

తొంభైల్లో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఓడ ఉద్యోగం నుంచి రెండు రిమోట్ పందెం కార్లు తెచ్చి, ఒకటి మాకిచ్చారు. ఏ టైరునైనా బొటనవేలి గోరుతో నొక్కి చూసేవారు. "గోరు దిగితేనే నేలని పట్టుద్దమ్మా, ఎండ తగలనీకు," అని నాకు నేర్పింది ఆయనే. అన్నని ఒక్కసారైనా గెలవాలని మా ఆయన ఆశ. అందుకే టైర్లు తడిగుడ్డతో తుడిచి డబ్బాలో దాచేదాన్ని.

బాపట్ల పందెం రోజు బావగారు మా టైర్లు నొక్కి, "ఇవి బిగుసుకుపోయినయ్యమ్మా, నావి వేసుకోండి," అన్నారు. పెద్దవారి మాట కదా అని మార్చేశాం. మొదటి మలుపులోనే మా కారు జారి పల్టీ కొట్టింది. గెలిచిన బావగారి కారుకు చూస్తే, నేను దాచిన టైర్లు! గోరు పెడితే ఇట్టే దిగింది.

"ఏంటి బావగారూ ఇది?"

"పందెం కదమ్మా," అని నవ్వారు.

ఇంటికి తిరిగొచ్చే రేపల్లె బస్సులో మా ఆయన అన్నాడు, "అన్నయ్య అడిగుంటే నేనే ఓడిపోయేవాణ్ణి కదే."