ఫ్యాను ఆగిన పూట

సమ్మె మూడో వారంలోకి వచ్చేసరికి భూపాలపల్లిలో మా గని చప్పుడు పూర్తిగా పోయింది. బొగ్గు మోసే బెల్టు ఆగింది. షిఫ్టు మారేటప్పుడు వినిపించే సైరను కూడా లేదు. తెలంగాణ ఇచ్చేదాకా బొగ్గు పెళ్ల పైకి రానివ్వమని అందరం అనుకున్నాం. అయినా గని ముందు వేసిన టెంటులోంచి లేచి ఇద్దరం మాత్రం రోజూ లోపలికి దిగేవాళ్లం. నేను పంపు నడిపేవాణ్ణి. నాతో వచ్చే ముసలాయన సర్దారు, అందరం చాచా అని పిలిచేవాళ్లం. లోపలి గాలి, పైకప్పు చూసి మనుషులు పోవచ్చో లేదో చెప్పడం ఆయన పని. నీళ్లు తోడకపోతే గని మునుగుతుంది. గాలి ఆడించే పెద్ద ఫ్యాను ఆగితే విషవాయువు, మంటకు అంటుకునే గ్యాసు నిండుతాయి. సమ్మె అయ్యాక పని చేయడానికి గని మిగలాలి కాబట్టి మా సంఘమే మమ్మల్ని పంపేది.

అది అందరికీ నచ్చలేదు. ఒకరోజు టెంటులో ఒకతను చాచాకు అడ్డం నిలబడ్డాడు.

"మీరిద్దరు దిగుతుంటే ఇగ సమ్మె ఏంది చాచా?"

"బొగ్గు తియ్యనీకి పోతలేను బేటా. నీ బాయిని కాపాడనీకి పోతున్న," అన్నాడు చాచా. గనిని మేం బాయి అనే అంటాం. అతను పక్కకు జరిగాడు కానీ, చూపు మార్చలేదు.

మేం తీసే బొగ్గు ఎక్కడెక్కడికి పోతుందో అప్పటిదాకా నేను పెద్దగా ఆలోచించలేదు. ఆగిపోయాకే తెలిసింది. మహబూబాబాద్ మీదుగా ఎన్నో రాష్ట్రాలకు పోయే బొగ్గు రైళ్లు పోవడం లేదన్నారు. జనగామలో రైసుమిల్లులు, పిండి గిర్నీలు పూటకు గంటసేపు కూడా ఆడటం లేదన్నారు. కరెంటు తయారుచేసే కేంద్రాల్లో బొగ్గు కుప్పలు తరిగిపోతున్నాయని టీవీలో చెప్తుంటే టెంటులో చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ కొట్టాను.

భూపాలపల్లికి పక్కనే, ఘనపూర్ దగ్గర పల్లెలో ఉండే మా అక్క ఫోన్ చేసింది. ఆమెకు బోరు కింద రెండెకరాల వరి ఉంది.

"తమ్మీ, వరి పొట్టకొచ్చింది. మోటరు పూటకు గంట గూడ నడుస్తలేదు. మీరు బొగ్గు ఎన్నడు తీస్తరు?"

"తెలంగాణ ఇచ్చినంక అక్కా."

"నేను గూడ ధర్నాకు రోడ్డు మీద కూసుంటున్న కదరా. మరి వరి ఊకుంటదా?"



కొద్దిరోజుల్లోనే గనికి వచ్చే కరెంటు కూడా పోవడం మొదలైంది. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట, అదీ మేం పైన ఉన్నప్పుడు. పోయిన ప్రతిసారీ పంపు ఆగేది, అట్టడుగున నీళ్లు పెరిగేవి. నేను అక్కడి గోడ మీద సుద్దతో గీత గీశాను. మర్నాటికి ఆ గీత నీళ్ల కింద ఉంది. ఇంకొంచెం పైన మరొకటి గీశాను. అదీ మునిగింది. చాచా నా చేతిలోంచి సుద్ద తీసుకుని ఇంకా పైన మూడోది గీశాడు. 

ఆ రోజు పొద్దున పదింటికి మేం అడుగున ఉన్నాం. నీళ్లు పంపు దిమ్మను తాకుతున్నాయి. ఉన్నట్టుండి మోటారు చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. కాసేపటికి చెంపలకు తగిలే గాలి కూడా ఆగింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పైకప్పు ఎక్కడో చిటపటమంటున్నది. చాచా గనిలోని ఫోన్ తీసి పైన ఫ్యాను దగ్గరున్నవాడితో మాట్లాడాడు.

"కరెంటు పోయిందట. ఎప్పుడొస్తదో తెల్వదట," అంటూ గాలిని పరీక్షించే జాలీ దీపం మంట తగ్గించి మెల్లగా పైకెత్తాడు. మంట చుట్టూ పలచటి నీలిరంగు కనిపించింది. అంటుకునే గ్యాసు చేరిందనడానికి అది గుర్తు. ఆయన దీపం వెంటనే కిందికి దించాడు.

"నడువు బేటా. ఉరకకు. ఉరికితే దమ్ము ఖర్చయితది."

వాలు వెంట పైకి నడిచాం. సగం దూరంలో నాకు తల బరువెక్కింది. చాచా గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"నువ్వు పో. మందిని తోలుకరా."

"నిన్ను ఇడిసిపెట్టి పోను చాచా."

ఆయన చేయి నా మెడ చుట్టూ వేసుకుని లేపాను. ఎంతసేపు నడిచామో తెలియదు. పైనుంచి దీపాల వెలుగు కనిపించింది, అడుగుల చప్పుడు వినిపించింది. ఫ్యాను దగ్గరున్నవాడు టెంటుకు కబురు పంపాడట. అందరికంటే ముందు ఉరికొచ్చినవాడు ఆ రోజు చాచాకు అడ్డం నిలబడ్డతనే. చాచాను భుజానికెత్తుకున్నాడు.

చాచాను దవాఖానకు పంపి, ఫ్యానుకూ పంపుకూ కరెంటు అడగడానికి మేం కొందరం సబ్‌స్టేషన్‌కు పోయాం. అక్కడి ఆపరేటరు కూడా ఉద్యమంలో ఉన్నవాడే. మేం చెప్పింది విని తల పట్టుకున్నాడు.

"ఉన్న కరెంటే గింత. బాయికి ఇయ్యాల్నంటే ఊర్లల్ల ఒక లైను బందు చెయ్యాలె. ఆపనీకి గీ లైన్ ఒక్కటే మిగిలింది," అని ఊళ్ల పేర్లు చెప్పాడు. అందులో అక్క ఊరు ఉంది.

అందరూ నా వైపే చూశారు. గని లోపలి సంగతి తెలిసినవాణ్ణి నేను. అక్క వరి సంగతి వాళ్లకు తెలియదు.

"బంద్ చెయ్యి," అన్నాను.

ఫ్యాను తిరిగింది. కానీ మేం మళ్లీ దిగేసరికి పంపు మునిగిపోయి ఉంది. కొన్నాళ్లకు సమ్మె ఆగింది, రాష్ట్రం మాత్రం అప్పుడు రాలేదు. అట్టడుగు లెవెల్లో నీళ్లు తోడటానికి నెలలు పట్టింది. చాచా బతికాడు కానీ, మళ్లీ గని దిగలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు.

అక్క ఊరికి పోయేసరికి వరి తెల్లబడి ఉంది, గింజ పట్టలేదు. ఆమె పశువుల మేతకు కోస్తున్నది. ఎదురుగా నిలబడి చెప్పాను.

"ఆ పొద్దు బాయిల గాలి ఆగి మా చాచా పడిపోయిండు. బాయికి కరెంటు కోసం మీ లైను బంద్ చెయ్యమన్నది నేనే అక్కా."

ఆమె కొడవలి ఆపింది.

"ఆ ముసలాయిన బతికిండా?"

"బతికిండు."

"అన్నం తినిపో," అని మళ్లీ కోయడం మొదలుపెట్టింది. ఆ పూట ఆమె వండిన అన్నం తిన్నాను. మునుపటిలా నాతో మాట్లాడటానికి ఆమెకు ఇంకో పంటకాలం పట్టింది.