మేనత్త వేసిన రెండు మార్కులు

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున పాస్టరుగారు ఫోన్ చేశారు. "నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు బాబూ," అన్నారు. బ్రాడీపేటలో నా అద్దె గదిలో జవాబు పత్రాలు దిద్దుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. క్షమించమని అడగాల్సిన మనిషిని ఇంక అడగలేను.

అత్త మిరప కల్లాల్లో తాలు ఏరేది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఎండిన కాయల్లో రంగు పోయినవాటిని తాలు అంటాం. రాశి ముందు కూర్చుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోరు ఊరందరినీ చెరిగేది. ఎవరైనా తొందరపెడితే "కంటికి టైమివ్వండయ్యా, కాయే చెబుద్ది," అనేది. నాన్న పోయాక నన్ను చదివించింది ఆవిడే.

నేను చదివింది వీడియో నాణ్యత కొలవడం. వీడియోని కుదించి పంపితే ఎంత చెడిందో రెండు రకాలుగా చూస్తాం. కంప్యూటరు అసలు బొమ్మనీ కుదించిన బొమ్మనీ చుక్క చుక్కా పోల్చి స్కోరు చెబుతుంది. లేదంటే మనుషుల్ని కూర్చోబెట్టి చూపించి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటాం. కల్లంలో కాయల్ని ఎక్కడో ఉన్న వ్యాపారి ఫోన్లో చూసి కొనగలగాలి, అదీ నా ప్రాజెక్టు. కంప్యూటరు స్కోరు బ్రహ్మాండంగా వచ్చింది. మార్కులు వేయడానికి నేను ల్యాబు క్లాసులు చెప్పే కాలేజీ పిల్లలతో పాటు అత్తనీ పిలిచాను. పండక్కి కట్టే చీర కట్టుకుని బస్సెక్కి వచ్చింది.

పిల్లలంతా నాలుగూ ఐదూ వేశారు. పాపం సారు కష్టపడ్డాడు అనుకుని ఉంటారు. అత్త ప్రతిదానికీ రెండే వేసింది.

"ఏందత్తా, బాగాలేదా?"

"ఎరుపంతా ఒకటే ముద్దగా ఉందిరా. తాలేదో కాయేదో తెలియట్లా. ఇది చూసి కొన్నోడు నిన్ను తిట్టుకుంటాడు."

మిగతావాళ్లతో బొత్తిగా పొసగని మనిషి మార్కుల్ని లెక్కలోంచి తీసేసే పద్ధతి ఒకటుంది. గడువు ముంచుకొచ్చింది. అత్త కాగితం తీసేశాను. ప్రాజెక్టు గట్టెక్కింది, ఉద్యోగం వచ్చింది. చాలా రోజుల తర్వాత తెలిసింది, నేను వాడిన స్కోరు వెలుగునీడల్నే పోలుస్తుంది, రంగు జోలికి పోదు. కుదింపులో ముందు దెబ్బతినేది రంగే. అత్త చెప్పిందే నిజం.

ఆవిడ మాత్రం "మావోడి పరీక్షలో నేనూ మార్కులేశా" అని కల్లాలన్నీ చాటుకునేది. పోయిన వేసవిలో నా ఎదుటే ఆ మాట అంటుంటే ఉండబట్టలేక నిజం చెప్పేశాను. చేతిలో కాయ అలాగే పట్టుకుంది.

"తీసేశావా? మరి నన్నెందుకు పిలిచావురా?"

కోపంగా కాదు, తెలియకే అడిగింది. ఆ తర్వాత ఎవరి దగ్గరా ఆ ముచ్చట ఎత్తలేదట. అదే నన్ను తినేస్తోంది.

ఆవిడ కూతురు, నా మరదలు, హైదరాబాదు ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీసి రెండు రోజులే అయింది, కదలకూడదు. ఊళ్లో అత్త శవపెట్టె మూసేముందు తనకి వీడియో కాల్ చేశాను. సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉన్నాయి.

"కనపడుతోందా?"

"ఆఁ బావా. బాగానే కనపడుతోంది."

నన్ను ఇబ్బంది పెట్టకూడదని అన్న మాట. అలాంటి మొహమాటపు మార్కులు కూడి కూడి విసిగిపోయినవాణ్ణి.

"నిజం చెప్పమ్మా."

ఏడుపు వినపడింది. "లేదు బావా. అమ్మ మొహం తెలియట్లా. అంతా తెల్లగా అలుక్కుపోయింది."

మూత పట్టుకున్నవాళ్లను పాస్టరుగారు ఆగమన్నారు. ఫోన్ చెవికి ఆనించుకుని పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నుదుటి మీద ముడతలు పోయినయ్యి," అని మొదలుపెట్టాను. "బుగ్గలు లోపలికి పోయినయ్యి. పెదాలు ఎండినయ్యి. కుడికన్ను పూర్తిగా మూతపడలా, కొంచెం తెరుచుకునే ఉంది."

"ఇంకా, బావా?"

ఇంకాస్త దగ్గరికి వంగి చూశాను.