ఏడో నంబరు టూలుకు కట్టిన ఎర్ర దారం

2007లో నాకు యాభై తొమ్మిదేళ్లు. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు విమానాల వైరింగు విభాగంలో పనిచేసి, రిటైరై, మా ఊరు వనపర్తికి వచ్చి అప్పటికి ఏడాది. పాత రైసు మిల్లు వెనక రేకుల షెడ్డులో రాఘవేందర్ అనే ఇంజినీరు ఒక చిన్న యూనిట్ పెట్టాడు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఇచ్చే విమానాల వైర్ల పని అక్కడ జరిగేది. మొత్తం పద్దెనిమిది మంది ఆడవాళ్లు. వాళ్లు చేసిన పనిని పరీక్షించి ముద్ర వేసే బాధ్యత నాది. నా ముద్ర మీద రెండో నంబరు ఉండేది. ఒకటో నంబరు రాఘవేందర్‌ది.

పని సంగతి కొంచెం చెప్పాలి. విమానంలో కరెంటు మోసే వైర్ల కట్టను హార్నెస్ అంటారు. ఒక్కో వైరు కొసకు కాంటాక్ట్ అనే లోహపు పుల్ల ఉంటుంది. బియ్యపు గింజకు రెండింతల పొడవు. దాని వెనక భాగం బోలుగా ఉంటుంది. వైరు మీది తొడుగు ఒలిచి, లోపలి రాగి తీగలను ఆ బోలులో దూర్చి, చేతి టూలుతో నాలుగు వైపుల నుంచి ఒకేసారి నొక్కాలి. ఇదే క్రింపింగ్. టంకం పెట్టరు. విమానం అదురుకు టంకం పక్కన తీగ విరుగుతుంది. అందుకని ఒత్తిడే అతుకు. ఎక్కువ నొక్కితే తీగలు నలిగి తెగుతాయి, తక్కువ నొక్కితే వైరు ఊడి వస్తుంది. రెండు రకాల తప్పులూ కంటికి కనపడవు.

ఎంత నొక్కాలో టూలు మీద ఉన్న చిన్న నాబ్ చెబుతుంది. మేం వాడే సన్న వైరుకు మూడు, దానికంటే లావు వైరుకు నాలుగు. అంకె పెరిగేకొద్దీ టూలు తక్కువ నొక్కుతుంది. నాబ్ తిరగకుండా ఒక క్లిప్ ఉంటుంది. ఆ క్లిప్ తీసే అధికారం మా షెడ్డులో నా ఒక్కదానికే. పని చేసేవాళ్లు నాబ్‌ను ముట్టుకోకూడదని నేనే నియమం పెట్టాను. రోజూ పొద్దున పని మొదలుకాక ముందు ప్రతి టూలుతో మూడు నమూనాలు నొక్కి, లాగుడు మిషను మీద పెట్టి లాగాలి. సన్న వైరయితే అయిదున్నర కిలోల దాకా ఊడకూడదు. ఎంత దగ్గర ఊడిందో ఆ అంకె రిజిస్టరులో రాసి, కింద నా ముద్ర వేయాలి.

పద్మది గద్వాల. నేతపని చేసే ఇల్లు. వయసు ఇరవై మూడు. వనపర్తిలో అక్క ఇంట్లో ఉండి పనికి వచ్చేది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. చిన్నప్పటి నుంచి ఆమె చేసిన పని అదే. ఆ వేళ్లు చూసే రాఘవేందర్ పనిలోకి తీసుకున్నాడు. కానీ ఆ వేళ్లకే ఒక అలవాటు ఉంది. కొస కనపడితే చాలు, నాలుకకు వేలు తాకించి, తీగలను మెలితిప్పేది. మా పనిలో అది నేరం. తడి తగిలితే రాగి మీది పూత పాడవుతుంది. తీగలు ఫ్యాక్టరీలో ఏ మెలికతో వచ్చాయో ఆ మెలికతోనే ఉండాలి. మే నెలలో ఒకసారి, జూన్‌లో ఒకసారి పట్టుకున్నాను. రెండోసారి అందరి ముందూ తిట్టాను.

"ఇది చీర అంచు కాదు పద్మా. గీడ పోగు తెగితె మళ్ల అతుక్కోనీకె లేదు."

"తెల్సు మేడం. చెయ్యి దానంతట అదే పోతది. ఇంగ పోనియ్య."

ఆ తర్వాత వేలికి గుడ్డ పేలిక చుట్టుకుని పని చేసింది. నాలుక దగ్గరికి చెయ్యి పోతే గుడ్డ గుర్తుచేస్తుందట. నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన యాదమ్మ మా షెడ్డులో అందరికంటే నోరున్న మనిషి. "నోటికి కట్టుకో పిల్లా, వేలికెందుకు" అని ఏడిపించేది. నాకు తెలిసి జూన్ తర్వాత పద్మ ఒక్కసారి కూడా తీగ మెలితిప్పలేదు.

ఆగస్టు 8, బుధవారం సాయంత్రం కంపెనీవాళ్లు లావు వైరు నమూనాలు కొన్ని అడిగితే ఏడో నంబరు టూలు తీసుకుని నేనే చేశాను. క్లిప్ తీసి నాబ్ నాలుగుకు తిప్పాను. పని అయ్యాక క్లిప్ పెట్టాను. నాబ్ వెనక్కి తిప్పలేదు.

మర్నాడు గురువారం. పొద్దున షెడ్డు తెరిచేసరికి కరెంటు లేదు. చేతి టూళ్లకు కరెంటు అక్కర లేదు, కిటికీల వెలుతురు చాలు. లాగుడు మిషనుకు మాత్రం కావాలి. అందరినీ ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని పని మొదలుపెట్టమన్నాను. కరెంటు వచ్చాక నమూనాలు లాగుదాంలే అనుకున్నాను. రిజిస్టరులో గళ్లు ఖాళీగా ఉంటే నాకు మనసొప్పదు. ఏడో నంబరు టూలుకు ముందురోజు 6.2, 6.4, 6.1 అని ఉంది. నేను 6.4, 6.1, 6.2 అని రాశాను. మొత్తం తొమ్మిది టూళ్లకూ అలాగే వరస మార్చి రాసి ముద్ర వేశాను. పదింటికి కరెంటు వచ్చింది. అప్పటికి వేరే హార్నెస్ పంపే తొందరలో ఉన్నాను. మిషను దగ్గరికి పోలేదు.

పద్మ ఏడో నంబరు టూలుతో సన్న వైరు పని చేస్తోంది. పదిన్నరకు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, ఈ టూల్ ఇయ్యాల చేతికి వేరే తీరుగ తగుల్తుంది."

"ఏ తీరుగ?"

"వదులు వదులుగ. నిన్నటి లెక్క కాదు."

"అది పూర్తిగ నొక్కితెనే విడుస్తది, లేకుంటె పట్టుకునే ఉంటది. గట్ల చేసిండ్రు దాన్ని. నీ చేతి బలంతోని పని లేదు."

"విడుస్తుంది మేడం. గని వదులుగుంది. ఒక్కసారి చూడుండ్రి."

"పొద్దుగాల చూసిన. ముద్ర ఉంది. పోయి చేస్కో."

ఆమె వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత అటు నడిచినప్పుడు చూస్తే, టూలు పిడికి ఎర్ర పట్టుదారం కట్టి ఉంది. చీర కొంగులో నుంచి లాగిన పోగు. నాకు ఒళ్లు మండింది. విమానం పనిలో బయటి వస్తువు ఏదీ బల్ల మీద ఉండకూడదు. వెంట్రుక దొరికినా రిజిస్టరులో తేదీ, టైము రాసి, అక్కడే అతికించాలి.

"ఏందిది?"

"మా ఇంట్ల పడుగుల యాడన్న అనుమానముంటె దారం కడ్తం మేడం. పెద్దోళ్లు ఎనక చూస్తరని."

"ఇంట్ల కట్టుకో. ఈడ కాదు."

దారం కత్తిరించి, నా రిజిస్టరులో టేపుతో అతికించాను. పక్కన రాశాను: 9-8-2007, 10.40, ఏడో నంబరు టూలు, పని చేసే మనిషి నిర్లక్ష్యం.

ఆ టూలుతో ఆ రోజు పద్మ పన్నెండింటి దాకా ముప్పై ఎనిమిది కాంటాక్టులు నొక్కింది. భోజనాల తర్వాత ఆమెను వేరే బల్లకు పంపాను. అదే టూలుతో యాదమ్మ ఇంకో హార్నెస్‌కు ఇరవై ఆరు నొక్కింది. సాయంత్రం ఆ రెండు హార్నెస్‌లలోనూ కరెంటు పారుతోందో లేదో బజ్జర్‌తో చూశాను. బజ్జర్ మోగింది. వదులు అతుకులోనూ కరెంటు పారుతుంది, అదురు మొదలైతే గాని తెలియదు. మర్నాడు లావు వైరు పని ఉండటంతో ఏడో నంబరు టూలు నాలుగు మీదే ఉండాలి. ఉంది. అలా తప్పు ఒప్పులో కలిసిపోయి, జాడ లేకుండా పోయింది.

ఆగస్టు 22న హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. పద్మ చేసిన హార్నెస్‌ను బిగించే ముందు తనిఖీలో ఒకతను వైరు పట్టుకుని కొంచెం లాగితే, కాంటాక్ట్ వదిలేసి చేతిలోకి వచ్చిందట. కారణం రాసి పంపమన్నారు. రాఘవేందర్ నన్ను అడిగాడు. ఆ ఉదయం నేను లాగుడు పరీక్ష చేయలేదని నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లలో నా రిజిస్టరును ఎవరూ తప్పు పట్టలేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తుకొచ్చింది.

"పద్మకు తీగలు మెలిపెట్టే అలవాటుంది. రెండుసార్లు పట్టుకున్న" అన్నాను. అదే రాసి ఇచ్చాను.

రాగి తీగ మెలితిప్పితే అతుకు సరిగా కుదరదన్నది నిజమే. అబద్ధం ఏదీ చెప్పలేదని నన్ను నేను సముదాయించుకున్నాను. ఆగస్టు 24, శుక్రవారం నాడు పద్దెనిమిది మందినీ నిలబెట్టి, పద్మ చేసిన పనివల్ల మాట పడాల్సి వచ్చిందని, ఆమెను తీసేస్తున్నామని నేనే చెప్పాను. పద్మ ఏడవలేదు.

"మేడం, నేను మీకు చెప్పిన గద" అంది. "టూల్ వదులుగుందని చెప్పిన. దారం గూడ కట్టిన."

"టూల్‌కు ముద్ర ఉంది."

"ముద్ర మీదే గద మేడం."

యాదమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. వేలికి చుట్టుకున్న గుడ్డ పేలికను పద్మ విప్పి బల్ల మీద పెట్టి వెళ్లింది. అది కూడా బయటి వస్తువే. దాన్ని మాత్రం రిజిస్టరులో అతికించలేకపోయాను.

ఆగస్టు 31న నెలాఖరు లెక్క చూస్తున్నాను. ఆ నెల బయటి వస్తువులు పదకొండు. ఎర్ర దారం దగ్గర చెయ్యి ఆగింది. తేదీ, టైము, టూలు నంబరు అన్నీ నా రాతలోనే ఉన్నాయి. ముందురోజు ఆ టూలుతో ఏం చేశామా అని నమూనాల పుస్తకం తీశాను. లావు వైరు, నాబ్ నాలుగు, నా సంతకం. మర్నాటి లాగుడు రిజిస్టరు తెరిచాను. 6.4, 6.1, 6.2. సన్న వైరును నాలుగు మీద నొక్కి నమూనా లాగాను. మూడు కిలోలకే ఊడింది. మళ్లీ చేశాను. 2.8.

అప్పుడు ఇంకో సంగతి తోచింది. తప్పు పద్మ వేళ్లదని నేను రాసి ఇచ్చాను కాబట్టి, అదే రోజు అదే టూలుతో యాదమ్మ చేసిన రెండో హార్నెస్‌ను ఎవరూ అనుమానించలేదు. అది హైదరాబాదులో ఉంది, శిక్షణ విమానంలో బిగించడానికి.

అప్పుడే లేచి రాఘవేందర్ గదికి పోవాల్సింది. పోలేదు. ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 6 వరకు, ఆరు రోజులు. బిగించడానికి ఇంకా టైముందని, ఈలోగా వాళ్లే చూస్తారని, పద్మకు ఎలాగూ వేరే పని దొరికే ఉంటుందని రోజుకొకటి చెప్పుకున్నాను. ఆ ఆరు రోజుల్లో రిజిస్టర్లలో ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. అది తలచుకుంటే ఇప్పుడు ఇంకా సిగ్గేస్తుంది.

ఆరో తేదీన యాదమ్మ భోజనాల దగ్గర యథాలాపంగా అంది. "మేడం, నేను చేసింది విమానంల పెట్టిండ్రా? నా పిల్లలకు చెప్పిన, మీ అమ్మ కట్టిన వైర్లు మొగులు మీద తిరుగుతయని."

అన్నం గిన్నె అక్కడే వదిలి రాఘవేందర్ దగ్గరికి పోయాను. మూడు పుస్తకాలూ అతని ముందు తెరిచి పెట్టాను. అతను మూడూ తిరగేసి చూశాడు. తర్వాత ఫోను తీశాడు. రెండో హార్నెస్ అప్పటికి విమానం పక్కన బండి మీద ఉంది. మరో రెండు రోజుల్లో బిగించేవారు. వెనక్కి తెప్పించి లాగితే ఇరవై ఆరింటిలో ఒక్కటి కూడా అయిదున్నర కిలోల దాకా నిలవలేదు. నా రెండో నంబరు ముద్రను బల్ల మీద పెట్టేశాను. రాఘవేందర్ తీసుకుని సొరుగులో వేశాడు.

రిజిస్టరులో తప్పు పడితే దిద్దకూడదు, చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, కింది మాట కనపడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. "పని చేసే మనిషి నిర్లక్ష్యం" మీద గీత కొట్టాను. పక్కన "తనిఖీ చేసే మనిషి నిర్లక్ష్యం" అని రాశాను.

సెప్టెంబరు 9, ఆదివారం గద్వాల వెళ్లాను. పద్మ మగ్గం వెనక నేల మీద కూర్చుని పోగులు అతుకుతోంది. నన్ను చూసి లేవలేదు. వాళ్లమ్మ నీళ్లిచ్చింది. నిలబడే అంతా చెప్పాను. కారణం మార్చి రాసిన ఉత్తరం నకలు ఇచ్చాను. పద్మ దాన్ని చూసి పక్కన పెట్టింది.

"ఇంగ్లీషుల ఉంది. ఎవరు చదువుతరు?"

"కంపెనీవాళ్లు."

"కంపెనోళ్లు నన్ను చూసిండ్రా మేడం? మీరు పద్దెనిమిది మంది ముంగట అన్నరు. గా పద్దెనిమిది మంది ముంగటనే చెప్పుండ్రి."

"చెప్త. నువ్వు వస్తవా? రాఘవేందర్ రమ్మన్నడు."

ఆమె వేళ్లు ఆగలేదు. నాలుకకు వేలు తాకించి, రెండు కొసలు కలిపి, మెలిపెట్టి, ముందుకు జరిగింది. అక్కడ అది తప్పు కాదు.

"రాను. గాడ నా చెయ్యి చెప్పింది వినెటోళ్లు లేరు."

వాళ్లమ్మ గుమ్మం దాకా వచ్చింది. "మీరు పెద్దోళ్లు, గింత దూరమొచ్చిండ్రు" అంది. "మీరు సంతకాలు చేసెటోళ్లు. మావి వేళ్లు. గంతే తేడా." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున అందరినీ నిలబెట్టి చెప్పాను. కరెంటు లేని ఉదయం, వరస మార్చిన అంకెలు, నాబ్, దారం, ఆరు రోజులు, ఏదీ వదలలేదు. ఆ తర్వాత నేను అక్కడ ఇంకా మూడేళ్లు పని చేశాను, ముద్ర లేకుండా, కొత్తవాళ్లకు నేర్పుతూ. టూలు తేడాగా ఉందని ఎవరు అన్నా, అన్న మనిషి ఎవరని చూడకుండా మిషను దగ్గరికి తీసుకుపోయేదాన్ని. చాలాసార్లు టూలు బాగానే ఉండేది. నాలుగుసార్లు లేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే: యంత్రం కంటే ముందు చేతికి తెలుస్తుంది, ఆ చేయి ముద్ర లేని మనిషిదైనా సరే. నేర్చుకున్నానని చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లదు. పద్మను పద్దెనిమిది మందిలో నిలబెట్టి అన్నాను. తప్పు నాదని చెప్పిన రోజు లెక్కపెట్టాను. షెడ్డులో పదిహేడు మందే ఉన్నారు.