పొట్టిదైన తుపాకీ

దీపావళికి మనవడు వాకిట్లో టపాకాయ కాల్చాడు. ఆ మందు వాసనకు అందరికీ పండుగ గుర్తొస్తే, నాకు అడవిపందులు గుర్తొచ్చాయి.

అప్పటికింకా మాది మైసూరు రాష్ట్రమే. బగ్దల్ పక్కన నాలుగెకరాల పొలం, జత ఎద్దులు, పంటకు కాపలాగా తాతల నాటి తుపాకీ ఒకటి ఉండేవి. మూతిలోంచి మందూ సీసపు ఛర్రాలూ కూరి కాల్చే ఆ తుపాకీ అమ్మ కంటే జానెడు, నాయిన కంటే బెత్తెడు పొడుగు. నోరు మాత్రం అమ్మదే పెద్దది. ఎళ్లమాస పండుగ నాడు తెల్లటి చలిలో గంపలు నెత్తిన పెట్టుకుని పొలానికి పోయి, జొన్న దంట్ల గుడిసె ముందు పూజ చేసి, సజ్జ రొట్టెల్లో వేడి భజ్జి కూర వేసుకుని, పైన చల్లటి అంబలి తాగి, పిల్లలమంతా వెదురు గొట్టాల్లో కందిగింజలు పెట్టి ఊదుకునేవాళ్లం. నా గొట్టం అందరికంటే పొడుగు, నా గింజే అందరికంటే దూరం పోయేది. నాలుగో తరగతి దాటని నాకు తెలిసిన శాస్త్రమంతా అదే.

ఏటా ఆ తుపాకీని బీదర్ సర్కారు కచేరీలో చూపించి రావాలి. ఆ ఏడు నాయిన వెంట నేనూ బస్సెక్కాను. తుపాకీ ఎటు పెట్టినా ఎవరికో తగులుతోంది. చివరికి నాయిన తుపాకీ మూతిని కిటికీ బయటికి పెట్టాడు. నా నోరు ఊరుకుంటుందా?

"కండక్టరన్నా, మా నాయినకు అర టికెట్టే కొట్టు. తుపాకీకే నిండు టికెట్టు!"

బస్సంతా గొల్లుమంది. "ఆడపిల్లకు ఎంత నోరమ్మా!" అని కండక్టరు కడుపు పట్టుకున్నాడు. నాయిన నవ్వలేదు. దిగగానే కచేరీకి కాదు, నేరుగా తుపాకీలు బాగుచేసే ముసలి చాచా దగ్గరికి పోయాడు.

"కోయొద్దు భాయ్," అన్నాడు చాచా. "పొడుగు నాలీల, ఈ గొట్టంల ఉన్నంతసేపే మందు ఛర్రాను తోస్తది. కోస్తే మంటంత బయటనే కాలుతది, జోరుండదు."

"కొయ్యి చాచా. బస్సంత నవ్విండ్రు."

రెండు జానలు తెగిపడ్డాయి.

మా ఊరి బయట నాయిన ఒకసారి పేల్చి చూశాడు. పిడుగు పడ్డట్టయింది, మూతిలోంచి మూరెడు మంట వచ్చింది. "ఇగ జూడు, తుపాకీకి బలమొచ్చింది!" అని ఊరంతా మెచ్చుకుంది. నాయిన నా వైపు తిరిగి, మురిసిపోతూ "ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు. నా కందిగింజలు నాకు గుర్తొచ్చాయి. బస్సు నిండా జనం ముందు ఆగని నోరు ఆ ఒక్క మనిషి ముందు నిజం పలకలేదు. "మస్తున్నది నాయినా," అన్నాను.

కంకులు పాలు పోసుకున్నాక, ఒక తెల్లవారుజామున పందుల మంద దిగింది. నాయిన మంచె మీది నుంచి కాల్చాడు. పందులు తలలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. చెదిరిన ఛర్రాలు సగం దూరంలోనే మంచుకు తడిసిన చాళ్లలో రాలాయి. నాయిన ఇంకా మందు కూరాడు. ఇంకా పెద్ద చప్పుడు, అంతే.

"సప్పుడుకు సస్తయా పందులు!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

నాలుగు రోజుల్లో చేను నేలమట్టమైంది. తినడానికి జొన్నలు కొనడం కోసం నాయిన ఎద్దులను బసవకళ్యాణ్ సంతకు తోలి అమ్మాడు. ఎద్దులు లేని పొలం బీడు పడింది, రెండేళ్లకు ఎర్రరాయి తవ్వే కాంట్రాక్టరు చేతికి పోయింది. నాయిన అక్కడే కూలికి చేరి తన పొలాన్ని తానే పలక పలకగా కోశాడు. నేను బడి మాని గంప మోశాను. నాయిన ఒక్కనాడూ నన్నొక మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మొన్న మనవణ్ణి తీసుకుని అటు పోయాను. నాయిన లేడు, ఎళ్లమాసకు గంపలెత్తే వాళ్లూ లేరు. మనవడు పొలం ఎక్కడని అడిగాడు. రాయి తవ్విన గోతి అడుగున నిలబడి, నా తల కంటే ఎంతో ఎత్తున, ఖాళీ గాలిలోకి చెయ్యి చూపించాను.