వద్దన్నవాళ్ళ వరస

ఉస్మాన్‌గంజ్‌లో కైలాసం సేట్ కాంటాల దుకాణం మూసేసేనాటికి ముకుంద్‌కు నలభై దాటాయి. డిగ్రీ మధ్యలో మానేసి ఆ దుకాణంలో చేరినవాడు మళ్ళీ పని కోసం ఇంకో గడప తొక్కలేదు. పప్పుల కొట్టు మొదలుకొని వెండి దుకాణం దాకా ఎవరి తూకం మిషన్ మొరాయించినా సంచి భుజాన వేసుకొని వెళ్ళేది అతనే. సేట్‌కు మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేని పరిస్థితి వచ్చింది. "నాతోని కాదు ముకుందూ, ఇంకో జాగ చూసుకో" అన్నాడు.

చూసుకోవడం ఎలాగో ముకుంద్‌కు తెలియలేదు. పొద్దున సైదాబాద్‌లో ఇల్లు వదిలితే తెలిసినవాళ్ళ చుట్టూ తిరిగి సాయంత్రానికి వచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళాడో, ఎవరేమన్నారో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

అతని భార్య సూర్యప్రభ ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ ప్రతి శాంపిల్ ఏ దశలో ఉందో కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఒక ఆదివారం భర్త ఫోన్‌లో అలాంటిదే ఒక యాప్ వేసి, తెర మీద నాలుగు వరసలు పెట్టింది. చూసినవి, అడిగినవి, రమ్మన్నవి, వద్దన్నవి. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో చీటీ. పని ముందుకు జరిగితే చీటీని వేలితో పక్క వరసలోకి జరపాలి.

"ఇదంతా ఏంది, చిన్నపిల్లల ఆట లెక్క?" అన్నాడు ముకుంద్.

"ఆటనే అనుకోండ్రి. ఏది ఎక్కడిదాంక వచ్చిందో కండ్లకు కనవడితే మీకే తెలుస్తది."

కనబడింది. రెండు నెలలు తిరిగేసరికి చీటీలన్నీ చివరి వరసలోకి చేరాయి. ఫోన్ తెరిచినప్పుడల్లా ఆ పొడుగాటి వరస చూసి అతనికి తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు వాటిలో కొన్నింటిని తీసిపారేశాడు. సూర్యప్రభ పట్టేసింది.

"గట్ల తీసేస్తరా? ఎందుకు వద్దన్నరో రాసి పెట్టుండ్రి."

"రాసుకొని ఏం జేయాలె? రోజూ చదువుకొని ఏడ్వాల్నా?"

"ఏడ్వకుండ్రి. మా దగ్గర పాడైపోయిన శాంపిల్‌కు కూడ ఎందుకు పాడైందో రాస్తరు."

ఆమె మాట కాదనలేక రాయడం మొదలుపెట్టాడు. వయసు ఎక్కువన్నారు. కంప్యూటర్ బిల్లింగ్ రాదన్నారు. స్టోర్ కీపర్‌గా ఇంతకుముందు చేయలేదన్నారు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర అక్షయ్ అనే కుర్రాడి సూపర్‌మార్కెట్‌లో సూపర్‌వైజర్ పని ఉందంటే వెళ్ళాడు. అక్షయ్ మర్యాదగానే మాట్లాడాడు. "మా స్టాఫంతా చిన్నపోరగాళ్ళు అంకుల్, మీకు ఇబ్బందైతది" అని చెప్పి, ముకుంద్ లేచి నిలబడ్డాక ఆపాడు. "జర మా కాంటా చూస్తరా? వారం సంది సున్నా మీద నిలుస్తలేదు. ఎవ్వణ్ణి పిలిచినా రేపు, ఎల్లుండి అంటున్నరు."

ముకుంద్ కాంటాను అటూ ఇటూ వంచి చూశాడు కానీ మూత తీయలేదు. "సర్కారు సీల్ ఉంటది భాయ్. లైసెన్సు సేట్‌ది, నేను ఆయన కింద చేసేటోణ్ణి. ఇప్పుడు నేను ముట్టరాదు" అన్నాడు. ఇంటికొచ్చి చీటీలో ఉన్నదున్నట్టు రాశాడు. పని లేదన్నారు. కాంటా చూడమన్నారు.

పండుగ సెలవు రోజున సూర్యప్రభ కూరగాయలు తరుగుతూ ఆ వరసంతా పైకి చదవమంది. అతను చదువుతూ పోయాడు. అక్షయ్ ఒక్కడే కాదు. కిరాణా హోల్‌సేల్ వాళ్ళు, స్వీట్ల దుకాణం, రవ్వ మిల్లు, ఇంకా ముగ్గురు. అన్నింటి కిందా అదే మాట, కాంటా చూడమన్నారని. చదివేవాడి గొంతు మెల్లగా తగ్గింది.

"గిదంతా నేనే రాసిన గదా! నాకెందుకు తట్టలే?"

"నౌకరీ కోసం చూస్తుంటిరి గని, పని దిక్కు చూడకపోతిరి" అంది ఆమె.

సేట్ అనుభవపత్రం రాసిచ్చాడు, తన తూకం రాళ్ళు కూడా ఇచ్చేశాడు. ముకుంద్ తూనికల శాఖలో లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, వద్దన్నవాళ్ళందరికీ తనే ఫోన్ చేశాడు. కాగితం రాగానే కాంటా చూడడానికి వస్తానన్నాడు. సరేనన్నవాళ్ళు కొందరు, ఆగలేక వేరేవాళ్ళను పిలుచుకున్నవాళ్ళు కొందరు.

ఆ ఎదురుచూపు మధ్యలోనే శంషాబాద్ వైపు ఒక గోదాము వాళ్ళు రమ్మని ఫోన్ చేశారు. నెల జీతం, పీఎఫ్, పోవడానికి బస్సు. అన్నాళ్ళ తిరుగుడుకు దొరికిన మొదటి ఉద్యోగం. ముకుంద్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

"లైసెన్సు రాకపోతే?" అన్నాడు భార్యతో.

"రాకపోతే మళ్ళ వెతుకుదురు. నా జీతం ఉంది గదా, కొన్నొద్దులు నడుస్తది. గని ఫికరు లేదంటే అబద్ధమైతది. నాకూ ఉంది."

ఆమెకూ భయముందని తెలిశాక అతనికి ఎందుకో కాస్త తేలికైంది. మర్నాడు గోదాము వాళ్ళకు ఫోన్ చేసి రాలేనని చెప్పాడు.

లైసెన్సు వానాకాలం మొదట్లో చేతికొచ్చింది. మొదటి రిపేరు మళ్ళీ మొరాయించిన అక్షయ్ కాంటాదే. లోపల వైరు కొరికి ఎలుక చేసిన పని. ఇప్పుడతని ఫోన్‌లో వరసల పేర్లు మారాయి. పిలిచిండ్రు, చూసిన, రిపేర్ల ఉంది, ముద్ర పడింది. ఎవరి కాంటాకు సర్కారు ముద్ర గడువు దగ్గరపడుతుందో ఫోనే ముందుగా గుర్తుచేస్తుంది. దుకాణదారులు మరిచిపోయినా అతను మరిచిపోడు.

మస్తు సంపాదించాడని కాదు. వానల్లో తేమకు మిషన్లు చెడిపోయి ఊపిరాడనంత పని ఉంటే, ఎండాకాలంలో ఈగలు తోలుకునే రోజులుంటాయి. సూర్యప్రభ ల్యాబుకు వెళ్తూనే ఉంది. మొన్న సైదాబాద్ మార్కెట్లో ఆకుకూరలమ్మే ఆండాలు తన చిన్న కాంటా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఎప్పుడిస్తవ్ కొడుకా? ఫోన్ల ఏందో గీకుతున్నవ్."

"నీ పేరు ఎక్కిస్తున్న అవ్వా. రేపు పొద్దున బేరానికి అందిస్త" అని ముకుంద్ ఆమె కాంటాను సంచిలో పెట్టుకొని స్కూటర్ స్టార్ట్ చేశాడు.