మాచర్లలో నేను, భోజనాల దగ్గర మనసు

నాయకత్వ శిక్షణకు మాచర్ల వెళ్లమని ఉత్తర్వు వచ్చిన రోజున మా ఆవిడ సంతోషించింది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. నరసరావుపేట వైపు ఒక బాలుర హోంకు నేను సూపరింటెండెంటును. కేసుల్లో చిక్కుకున్న పిల్లలను కోర్టు తేల్చేదాకా మా దగ్గర ఉంచుతారు. అప్పుడు మా హోంలో ఒకే ఊరికి చెందిన రెండు పార్టీల పిల్లలున్నారు. పెద్దల కొట్లాటలో దిగి రాళ్లు విసిరినవాళ్లు. భోజనాలకు ఎడమొహం పెడమొహంగా రెండు వరసల్లో కూర్చునేవారు. ఆ రెండింటి మధ్య కంచం పెట్టుకుని నేను కూర్చునేవాణ్ణి. నేను లేని పూట గిన్నెలు గాల్లో లేస్తాయని నా గట్టి నమ్మకం.

పొద్దున ఆరున్నర బస్సు పట్టుకున్నాను. పిడుగురాళ్లలో ఆగితే ఇడ్లీ తినండి, కారప్పొడి బాగుంటుంది. అక్కణ్ణించి దాచేపల్లి దాటేదాకా కిటికీ అద్దం తియ్యకండి, లారీల దుమ్ము మొహానికి పౌడరు రాసేస్తుంది. పక్కన కూర్చున్న ఒక ముసలామె నేను ఫోన్‌లో చెప్పే జాగ్రత్తలన్నీ వింది.

"ఏందయ్యా, పెళ్లి పనులు పురమాయిస్తన్నావా?"

"కాదు పెద్దమ్మా. హోంలో పిల్లలు, నేను లేనప్పుడు కొట్టుకుంటారేమోనని."

"ఆడ ఎవురూ లేరా?"

"మా డిప్యూటీ మస్తాన్‌వలి గారు ఉన్నారు."

"మరి ఆయన చూసుకోడా? చానా భయస్తుడివయ్యా," అని గురజాలలో దిగిపోయింది.

శిక్షణ ఒక కల్యాణ మండపంలో. హైదరాబాదు నుంచి వచ్చిన మేడం ముందుగా మా అందరి ఫోన్లూ ఒక స్టీలు బేసినులో వేయించుకున్నారు. "మీరు లేని రోజు మీ హోం ఎలా నడుస్తుందో, మీరు నేర్పింది అంతే," అన్నారు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం గోంగూర కలుపుకుంటూ, కడప వైపు నుంచి వచ్చిన సూపరింటెండెంటు, తను లేకపోతే వాళ్ల హోంలో ఆకు కూడా కదలదని చెప్పాడు. మా దగ్గరా అంతేనన్నాను. తర్వాత ఇద్దరం బేసిను వైపే చూస్తూ అన్నం తిన్నాం.

సాయంత్రం ఫోన్ ఇచ్చారు. "అంతా బాగానే ఉంది సార్" అని మస్తాన్‌వలి గారి మెసేజీ ఉంది. బాగానే అంటే ఎంత బాగానో అర్థం కాలేదు. లాడ్జిలో మంచం మెత్తగా ఉంది, నిద్రే రాలేదు.

రెండో రోజు నాలుగింటికి సర్టిఫికెట్లు, ఫొటో. ఫోన్ చేతికొచ్చేసరికి మస్తాన్‌వలి గారి మిస్డ్ కాల్స్ మూడున్నాయి. బస్టాండుకు పరుగెత్తాను. బస్సెక్కి ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, గురజాల దగ్గర గానీ కలవలేదు.

"ఏమైందండీ? కొట్టుకున్నారా?"

"లేదు సార్. నాకు మోకాళ్లు వంగవు గదా, మీలాగా మధ్యలో కూర్చోలేను. అందుకని నిన్న మజ్జానం అటు పార్టీలో ముదురోడికి అన్నం, ఇటు పార్టీలో ముదురోడికి పప్పు బకెట్టు ఇచ్చి రెండు వరసలకీ వడ్డించమన్నా."

"వడ్డించారా?"

"మొహాలు మాడ్చుకునే వడ్డించారు. వడ్డించినోళ్లు ఆఖర్న తినాలి గదా, ఇద్దరే మిగిలారు. ఆడికి ఈడు, ఈడికి ఆడు వేసుకోక తప్పలా. రాత్రికి ఇంకో ఇద్దరు మేం వడ్డిస్తామన్నారు."

గుండెల మీద నుంచి బరువు దిగింది. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా, కానీ ఆ దిగిన బరువు ముందు అదెంత. "మరి మూడుసార్లు ఎందుకు చేశారు?" అన్నాను.

"పిల్లోళ్లు అడగమన్నారు సార్. రేపు మీ కంచం ఏడ పెట్టాలని. ఇయ్యాల మజ్జానం అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. మధ్యలో చోటు లేదు."

"చివర్న పెట్టమనండి," అన్నాను. ఆ తర్వాత దాచేపల్లి ఎప్పుడు దాటామో నాకు తెలియదు. నరసరావుపేట వచ్చాక కండక్టరు తట్టి లేపాడు.